నెత్తుటి బొట్టులో బిళ్ళబంట్రోతు

రేణిగుంట స్టేషనులో ఏ రైలు ఆగినా సరే, ఎవరు కొండ దిగి వస్తున్నారో ఒక్కరిని కూడా అడగనక్కరలేదు. నున్నటి గుండు, దానిమీద ఆరీ ఆరని చందనం పూత కనిపిస్తే చాలు, మొక్కు తీరిందన్నమాట. ఆ ఆసామి ఊరూ, పేరూ, భాషా మనకు తెలియకపోవచ్చు. అయినా వేలమంది గుంపులో తల నీలాలిచ్చినవారెందరో లెక్క తేల్చమంటే చిన్నపిల్లవాడైనా చెప్పగలడు. మనుషులను లెక్కపెట్టడం కష్టం గాని, గుర్తును లెక్కపెట్టడం తేలిక.

మన ఒంట్లోని నెత్తుటి బొట్టు కూడా అలాంటి తిరునాళ్ళే. ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో ఎర్రకణాలే 50 లక్షల దాకా ఉంటాయి. ఇక వాటి చుట్టూ ఉన్న నీటిలో మాంసకృత్తులు, చక్కెర, కొవ్వులు, ఉప్పులు కిక్కిరిసి ఉంటాయి. ఇంతటి సందడిలో ఫలానా అణువు ఉందా, లేదా, ఉంటే ఎంత ఉంది అని వైద్యుడు అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి గత అరవై డెబ్బై ఏళ్ళుగా శాస్త్రజ్ఞులు పడిన పాట్లన్నీ ఒక్క మాటలో చెప్పాలంటే, అణువుకు గుండు గీయించడం వంటివే! అంటే, దానికి ఏదో ఒక గుర్తు తగిలించి, ఆ గుర్తును లెక్కపెట్టడం. ఈ గుర్తులను దేనితో చేస్తారు, అవి కరెంటు భాషలో ఎలా మాట్లాడతాయి, మన ఇళ్ళకు వాటివల్ల కలిగే మేలేమిటి అన్నదే ఈ వ్యాసం.

ఎంత వెతికితే దొరుకుతుంది?

ముందుగా చిక్కు ఎక్కడుందో చూద్దాం. భోజనానికి ముందు ఆరోగ్యవంతుడి రక్తంలో లీటరుకు సుమారు ఒక గ్రాము చక్కెర ఉంటుంది. గ్రామంటే మన కంటికి కనిపించే వస్తువు, దానిని కొలవడం బ్రహ్మవిద్య కాదు. కాని గుండె కండరం దెబ్బతిన్నప్పుడు అందులోంచి ట్రోపోనిన్ అనే మాంసకృత్తు రక్తంలోకి జారుతుంది. ట్రోపోనిన్‌లో రకాలున్నాయి. టి రకానికి వాడుకలో ఉన్న ఒక పరీక్షలో లీటరుకు 14 నానోగ్రాములు దాటితేనే వైద్యులు అనుమానంగా చూస్తారు. నానోగ్రామంటే గ్రాములో వందకోట్లవ వంతు. అంటే చక్కెరతో పోలిస్తే ఈ ట్రోపోనిన్ బరువులో 7 కోట్ల రెట్లు తక్కువ! రక్తకణాల చుట్టూ ఉన్న నీటిలో అన్నిటికన్న ఎక్కువగా ఉండే ఆల్బుమిన్ అనే మాంసకృత్తు లీటరుకు 40 గ్రాముల దాకా ఉంటుంది. దానితో పోలిస్తే 280 కోట్ల రెట్లకు పైగా తక్కువ. గడ్డివాములో సూది అన్న సామెత ఇక్కడ చాలదు.

ఈ తేడా వల్లనే చక్కెరను కొలిచే చిన్న యంత్రం మన ఇంటి అలమరలోకి ఏనాడో వచ్చేసింది గాని, గుండెపోటును పసిగట్టే పరీక్ష ఇంకా పెద్ద ఊళ్ళను వదిలి అన్ని పల్లెలకూ రాలేదు.

దీనిలోని కష్టం నాకు పుస్తకాలలో చదివి తెలిసినది మాత్రమే కాదు. మా బావగారొకరు పలమనేరు పక్క పల్లెలో సేద్యం చేస్తారు. ఒక రాత్రి భోజనం కాగానే ఆయనకు రొమ్ములో బరువుగా అనిపించింది, ఒళ్ళంతా చెమటలు పట్టాయి. మా అక్క గాబరా పడితే, "ఏం లేదులే మే, గ్యాసు. ఒక సోడా తెప్పించు, పోతుంది" అన్నారట. సోడా తాగారు, కాస్త ఇంగువ కూడా మింగారు. తెల్లవారాక వేలూరు తీసుకుపోతే, అక్కడ రక్తం పరీక్షలో ట్రోపోనిన్ బాగా పెరిగి ఉంది. ప్రాణం దక్కింది. కాని గుండెలో కొంతభాగం శాశ్వతంగా చచ్చుబడింది. ఇప్పుడు ఆయన మడికి వెళతారు గాని, మడక పట్టరు. ఆ రాత్రి మా అక్కను బాధించిన ప్రశ్న ఒక్కటే: ఇది గ్యాసా, గుండెనా? ఆ ప్రశ్నకు ఊరి దాపున ఉన్న ఆరోగ్యకేంద్రంలోనే పది నిమిషాలలో జవాబు దొరికితే ఎంత బాగుండును! గుర్తుల కథ అంతా ఆ పది నిమిషాల కోసమే.

పట్టుకునేవాడొకడు, కేకవేసేవాడొకడు

ఒంట్లోకి పరాయి వస్తువు ప్రవేశిస్తే, దానిని పట్టుకునేందుకు మన శరీరం యాంటీబాడీలు అనే మాంసకృత్తులను తయారుచేసుకుంటుంది. తాళానికి తాళంచెవిలా, ఒక్కొక్క యాంటీబాడీ ఒక్కొక్క అణువునే పట్టుకుంటుంది. పరిశోధనాలయాలలో మనకు కావలసిన అణువును పట్టే యాంటీబాడీని తయారు చేయించవచ్చు. అయితే ఈ యాంటీబాడీ మహా మౌని. దొంగను పట్టుకుంటాడు గాని, "పట్టుకున్నాను" అని కేకవేయడు. ఆ కేకవేసే పని గుర్తుది.

పాతకాలపు కచేరీలలో బిళ్ళబంట్రోతులుండేవారు. పట్టీమీద ఇత్తడి బిళ్ళ మెరిసేది. బంట్రోతు ఎవరో ఊళ్ళోవారికి తెలియకపోయినా, ఆ బిళ్ళను చూడగానే కలెక్టరుగారి కచేరీ నుంచి మనిషి వచ్చాడని తెలిసేది. యాంటీబాడీకి తగిలించే గుర్తు సరిగ్గా ఆ బిళ్ళవంటిదే.

పరీక్ష జరిగే తీరు ఇది. ఒక సన్నని లోహపు పట్టీమీదనో, బొగ్గుపొడి పూతమీదనో మొదటి యాంటీబాడీని అంటించి కూర్చోబెడతారు. రక్తం వేస్తే, కావలసిన అణువును అది పట్టి ఉంచుతుంది. ఆపైన బిళ్ళ తగిలించిన రెండవ యాంటీబాడీని పోస్తారు. అది అదే అణువును మరోవైపు నుంచి పట్టుకుంటుంది. ఓళిగలో రెండు పొరల మధ్య పూర్ణం ఇరుక్కున్నట్టు, రెండు యాంటీబాడీల మధ్య మన అణువు ఇరుక్కుంటుంది. తరువాత నీటితో కడిగేస్తే, పట్టు దొరకని బిళ్ళలన్నీ కొట్టుకుపోతాయి. మిగిలిన బిళ్ళలు ఎన్నో అణువులు అన్ని. ఇంతే రహస్యం.

నీలిరంగు నుంచి అయొడిన్ దాకా

కనిపించనిదానికి రంగు తెప్పించి కొలిచే విద్యలో మన తెలుగువాడి చేయి కూడా ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో హార్వర్డు వైద్యకళాశాలలో పనిచేస్తూ, ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి 1925లో ఒక పద్ధతి ప్రకటించారు. రక్తంలోను, మూత్రంలోను ఉన్న ఫాస్ఫేటును మాలిబ్డేటుతో కలిపి, మరొక రసాయనంతో నీలంగా మార్చి, ఆ నీలం చిక్కదనాన్ని బట్టి భాస్వరం ఎంత ఉందో చెప్పే పద్ధతి అది. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని రసాయనశాస్త్ర విద్యార్థులకు ఈనాటికీ పరిచయమే. దానిలో బిళ్ళలు లేవు. కాని కంటికి ఆననిదానిని కంటికి ఆనే వేషం వేయించి లెక్కపెట్టడం అనే సూత్రం అక్కడ ఉంది.

అసలైన బిళ్ళ తరువాత వచ్చింది. న్యూయార్కు నగరంలో రోజలిన్ యాలో అనే భౌతికశాస్త్రజ్ఞురాలు, సాలమన్ బెర్సన్ అనే వైద్యుడు కలిసి ఇన్సులిన్‌ను కొలవడానికి దానికి రేడియో ధార్మికత గల అయొడిన్‌ను తగిలించారు. 1959 ప్రాంతంలో వెలువడిన ఆ పద్ధతి వైద్యంలో ఒక విప్లవం. అంతకుముందు కొలవడం అసాధ్యమనుకున్న హార్మోనులన్నీ లెక్కకు దొరికాయి. బెర్సన్ 1972లో కాలం చేశాడు. 1977లో యాలోకు నోబెల్ బహుమానం వచ్చింది.

కాని రేడియో ధార్మికతతో కాపురం అంత సుఖం కాదు. దానిని దాచడానికి ప్రత్యేకమైన గదులు, పారవేయడానికి ప్రత్యేకమైన నిబంధనలు కావాలి. పైగా రోజులు గడిచేకొద్దీ దాని బలం దానంతటదే తగ్గిపోతుంది. అంచేత 1971లో స్టాక్‌హోమ్‌లో ఎవా ఎంగ్‌వాల్, పీటర్ పెర్ల్‌మన్ అనేవారు అయొడిన్‌కు బదులు ఒక ఎంజైమును బిళ్ళగా వాడారు. దాని పేరు ఆల్కలైన్ ఫాస్ఫటేజు. అదే రోజులలో హాలెండు దేశంలో మరికొందరు పెరాక్సిడేజు అనే ఇంకొక ఎంజైమును వాడారు. ఇది మన ముల్లంగికీ, ఆవాలకూ దూరపు చుట్టమైన ఒక ఘాటుదుంప నుంచి తీసినది. ఈనాడు ఆసుపత్రులలో ఎలీసా అని పిలిచే పరీక్షలకు ఇవే మూలం.

ఎంజైము బిళ్ళలో గొప్ప సౌకర్యం ఉంది. అయొడిన్ పరమాణువు ఒక్కసారి మెరిసి ఊరుకుంటుంది. ఎంజైము అలాకాదు. దాని ముందు ముడిసరుకు ఉన్నంతసేపూ సెకనుకు వందలకొద్దీ, ఒక్కొక్కప్పుడు వేలకొద్దీ అణువులను మార్చి పారేస్తూనే ఉంటుంది. ఒక బంట్రోతు కేకవేస్తే ఊరంతా అందుకున్నట్టన్నమాట!

రంగు పోయి కరెంటు వచ్చె

రంగును చూడాలంటే దీపం కావాలి, అద్దాలు కావాలి, రంగు చిక్కదనం కొలిచే యంత్రం కావాలి. పైగా రక్తం స్వతహాగా ఎర్రనిది, ఆ ఎరుపులో మన రంగు కలిసిపోయే ప్రమాదం ఉంది. కరెంటుకు ఈ బాధ లేదు. ఎర్రని ద్రవమైనా, బురదనీరైనా దానికి ఒకటే.

తిరుపతి వాళ్ళకు విద్యుద్రసాయనం కొత్త విషయం కాదు. 1985లో మొదలైన అమరరాజా సంస్థ కరకంబాడిలో బ్యాటరీలు తయారుచేస్తోంది. బ్యాటరీలో సీసపు పలకలు, ఆమ్లం కలిసి రసాయన చర్య జరిపితే, ఒక పలక ఎలక్ట్రానులను వదులుతుంది, మరొకటి పుచ్చుకుంటుంది. ఆ రాకపోకలే కరెంటు. ఇప్పుడు ఆ బ్యాటరీని వేలిగోరంత చేసి, ఆమ్లానికి బదులు నెత్తుటిబొట్టు వేశామనుకోండి. బిళ్ళలు ఎన్ని ఉంటే అన్ని ఎలక్ట్రానులు వచ్చిపోయేటట్టు ఏర్పాటు చేశామనుకోండి. కారు నడిపేటంత కరెంటు రాదు. ఆంపియరులో పదిలక్షలవ వంతో, వందకోట్లవ వంతో వస్తుంది. లెక్కపెట్టడానికి అది చాలు.

కరెంటుతో రసాయనాలను కొలిచే విద్యకు ఆద్యుడు ప్రాగ్ నగరానికి చెందిన యారోస్లావ్ హెయ్‌రోవ్‌స్కీ. 1922లో ఆయన సన్నని గాజుగొట్టం నుంచి రాలే పాదరసపు బిందువులనే ఎలక్ట్రోడుగా చేసి, పోలరోగ్రఫీ అనే పద్ధతి కనిపెట్టాడు. 1959లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. 1954లో వెలసిన మన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర శాఖవారు ఈ బాటలోనే చాలాకాలం నడిచారు. పురుగుమందుల అవశేషాలను, ఔషధాలను పోలరోగ్రఫీ, వోల్టామెట్రీ పద్ధతులతో కొలిచే పరిశోధనలు ఇక్కడినుంచి వెలువడ్డాయి. ఆ తరువాత పాదరసం స్థానంలో బొగ్గుముద్ద ఎలక్ట్రోడులు వచ్చాయి, వాటి పూతలపై పరిశోధన సాగింది.

ఇక రక్తం సంగతికి వస్తే, 1962లో అమెరికాలో లీలండ్ క్లార్కు, లయన్స్ అనేవారు ఎలక్ట్రోడుమీద ఎంజైమును నిలిపి చక్కెరను కొలవవచ్చునని ప్రకటించారు. 1975లో ఆ పద్ధతితో పనిచేసే యంత్రం అంగడికి వచ్చింది. అది బల్లమీద పెట్టే పెద్ద యంత్రం. దానిని జేబులోకి తెచ్చింది ఫెర్రోసీన్ అనే నారింజరంగు పదార్థం. రెండు కర్బన వలయాల మధ్య ఒక ఇనుప పరమాణువు ఇరుక్కున్న ఈ అణువు 1951లో వెలుగు చూసింది. ఎలక్ట్రానును ఇచ్చి పుచ్చుకోవడంలో దానికి ఏ మొహమాటమూ లేదు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు, క్రాన్‌ఫీల్డు శాస్త్రజ్ఞులు 1984లో దీనిని ఎంజైముకూ, ఎలక్ట్రోడుకూ మధ్య రాయబారిగా వాడారు. 1987లో కలం ఆకారంలో ఉన్న చక్కెర యంత్రం వచ్చింది.

ఒక చిన్న తేడా గమనించాలి. చక్కెర పట్టీలో ఫెర్రోసీన్ రాయబారి మాత్రమే, బిళ్ళ కాదు. అది ఎవరికీ కట్టుబడి ఉండదు, అటూ ఇటూ తిరుగుతుంది. అదే ఫెర్రోసీన్‌ను యాంటీబాడీకో, డి.ఎన్.ఎ. పోగుకో ముడివేస్తే బిళ్ళ అవుతుంది. 2003లో కాలిఫోర్నియాలో ప్లాక్స్కో, హీగర్ అనేవారి బృందం దీనితో ఒక చమత్కారం చేసింది. డి.ఎన్.ఎ. పోగును జడపిన్నులా మడిచి, ఒక కొనను బంగారు ఎలక్ట్రోడుకు అంటించి, రెండవ కొనకు ఫెర్రోసీన్ కట్టారు. మడత ఉన్నంతసేపూ ఫెర్రోసీన్ ఎలక్ట్రోడును ఆనుకొని ఉంటుంది, కరెంటు వస్తుంది. వెతుకుతున్న జోడీ పోగు వచ్చి కలిస్తే, మడత విప్పుకొని ఫెర్రోసీన్ దూరం జరుగుతుంది, కరెంటు తగ్గుతుంది. తగ్గుదలే జవాబు!

బిళ్ళలు దేనితో చేస్తారు?

ఈనాడు వాడుకలో ఉన్న బిళ్ళలను స్థూలంగా నాలుగు జాతులుగా చెప్పుకోవచ్చు.

మొదటివి ఎంజైములు. ఆల్కలైన్ ఫాస్ఫటేజు ఒక అణువు నుంచి ఫాస్ఫేటును కత్తిరిస్తుంది. ఫాస్ఫేటు ఉన్నంతవరకూ ఊరుకున్న ఆ అణువు, అది ఊడగానే ఎలక్ట్రోడుకు ఎలక్ట్రానులిస్తుంది. చేతిలో పట్టే ఒక రకం ట్రోపోనిన్ యంత్రం ఈ సూత్రం మీదనే పనిచేసి, కొద్దిపాటి రక్తంతో సుమారు 10 నిమిషాలలో అంకె చూపుతుంది. ఇదే ఎంజైముకు నీలిమందుకు మూలమైన ఇండాక్సిల్ ఫాస్ఫేటును ముడిసరుకుగా ఇస్తే, అది నీలిమందుగా మారుతుంది. నీలితొట్టిలో ముంచిన బట్ట పసుపుపచ్చగా పైకివచ్చి, గాలి తగలగానే నీలమవుతుందని అద్దకంవారికి తెలుసు. అదీ ఎలక్ట్రానుల రాకపోకే.

రెండవవి ఎలక్ట్రాను ఇచ్చి పుచ్చుకునే చిన్న అణువులు. ఫెర్రోసీన్, మెథిలీన్ బ్లూ ఈ జాతివి. చిన్నవి గనుక యాంటీబాడీకి బరువు కావు, వేడికి ఎంజైమంత తొందరగా చెడవు. కాని ఒక్కొక్కటి ఒక్కటిరెండు ఎలక్ట్రానులకన్న ఇవ్వలేవు గనుక కేక చిన్నది.

మూడవవి లోహపు రేణువులు. వీటిలో రాణి బంగారమే. మీటరులో వందకోట్లవ వంతును నానోమీటరంటారు. 20 నానోమీటర్ల బంగారు రేణువు పసుపుపచ్చగా ఉండదు, నీటిలో కలిస్తే దానిమ్మరసంలా ఎర్రగా ఉంటుంది. 1857లోనే మైకేల్ ఫారడే ఈ ఎరుపును పరిశీలించాడు. ఇంట్లో చేసుకునే గర్భపరీక్ష పట్టీలమీద తేలే ఎర్రగీత అనేక రకాలలో ఈ బంగారు రేణువులదే. అక్కడ కంటితో చూస్తాం. విద్యుత్ పరీక్షలో ఆ రేణువును ఆమ్లంలో కరిగించి, ఎలక్ట్రోడుమీద పేర్చి, మళ్ళీ ఊడదీస్తూ కరెంటు కొలుస్తారు. లెక్క వేస్తే ఆ ఒక్క రేణువులో దాదాపు రెండున్నర లక్షల బంగారు పరమాణువులున్నాయి. అంటే ఒక్క అణువు దొరికితే రెండున్నర లక్షల సాక్షులు పలుకుతారన్నమాట! దానిమీద వెండిపూత పెంచితే కేక ఇంకా పెద్దదవుతుంది.

చిత్తూరు జిల్లాకు బంగారం కొత్త కాదు. కుప్పం దగ్గర చిగురుగుంట, బిసానత్తం గనులలో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ బంగారం తవ్వింది. 2001లో కోలారు గనులు మూతపడడంతో ఇక్కడా పని ఆగిపోయింది. టన్నులకొద్దీ రాయి పిండి చేస్తే అక్కడ కొన్ని గ్రాములు దొరికేవి. కాని ఒక్క గ్రాము బంగారం ఇలాంటి బిళ్ళలు కోట్లకు కోట్లు చేయడానికి సరిపోతుంది. కాబట్టి బంగారమన్న పేరు విని ఖరీదుకు భయపడనక్కరలేదు. ఈ పరీక్షలలో ఖరీదంతా యాంటీబాడీదీ, పనితనానిదీను.

ఈ లోహజాతిలోనే కాడ్మియం, సీసం, జింకు గంధకంతో కలిసిన అతిసూక్ష్మ స్ఫటికాలున్నాయి. ఒక్కొక్క లోహం ఒక్కొక్క వోల్టేజి దగ్గర పలుకుతుంది గనుక, మూడు అణువులకు మూడు బిళ్ళలు తగిలించి ఒకే బొట్టులో మూడింటినీ కొలవవచ్చు. అయితే కాడ్మియం, సీసం విషాలు. వాడి పారేసిన పట్టీలు చెరువులో పడితే, ఒక రోగం కనిపెట్టబోయి మరొకటి తెచ్చుకున్నట్టవుతుంది.

నాలుగవది రుథేనియం జాతి. దీనికి విద్యుత్తు తగిలిస్తే, తోడు రసాయనం సాయంతో వెలుగు చిమ్ముతుంది. పెద్ద ఆసుపత్రులలో ట్రోపోనిన్‌ను కొలిచే కొన్ని యంత్రాలలో ఈ బిళ్ళే ఉంది. చాలా నిక్కచ్చి మనిషి. కాని యంత్రం పెద్దది, ఖరీదూ పెద్దదే.

అంటించడమే అసలు విద్య

శ్రీకాళహస్తి కలంకారీ పనివారిని చూసినవారికి ఈ సంగతి వెంటనే బోధపడుతుంది. బట్టను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెడతారు. ఎరుపు రావలసినచోట పటికనీళ్ళతో గీస్తారు. తరువాత రంగునీటిలో ఉడికిస్తే, పటిక ఉన్నచోట మాత్రమే రంగు పట్టి నిలుస్తుంది. పటిక లేకపోతే ఎంత మంచి రంగైనా రెండు ఉతుకులకే చక్కాపోతుంది.

బిళ్ళ విషయమూ అంతే. బంగారానికి గంధకంతో మైత్రి ఎక్కువ గనుక, గంధకం ఉన్న తోకను అణువుకు తగిలించి బంగారానికి కడతారు. మరొక పటిక కోడిగుడ్డు తెల్లసొనలో ఉంది. అవిడిన్ అనే మాంసకృత్తు బయోటిన్ అనే విటమినును పట్టుకుంటే మామూలుగా వదలదు. ప్రకృతిలో ఇంత గట్టిపట్టు చాలా అరుదు. యాంటీబాడీకి బయోటిన్, బిళ్ళకు అవిడిన్ తగిలిస్తే ముడి పడిపోతుంది. ముడి వదులైతే బిళ్ళ ఊడిపోయి అబద్ధం చెబుతుంది. ముడి యాంటీబాడీ నోటిమీద పడితే, అది అణువును పట్టుకోలేదు. కడగడం సరిగా కాకపోతే, పనీపాటా లేని బిళ్ళలు ఎలక్ట్రోడుకు అంటుకుని, లేని రోగాన్ని ఉన్నదని చూపిస్తాయి. పరిశోధకుల ఆయుష్షులో చాలాభాగం ఈ ముళ్ళు వేయడంలోను, ఈ కడుగుళ్ళలోను గడిచిపోతుంది.

ఎండ సంగతి వేరే చెప్పాలా? మన వేసవిలో మూసిన గదిలో ఎంజైము చెడిపోతుంది. పరిశోధనాలయంలో చల్లని గదిలో అద్భుతంగా పనిచేసిన పట్టీ, మే నెలలో బస్సు మీద పల్లెకు చేరేసరికి మూగబోవచ్చు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి, 2015 నుంచి ఐ.ఐ.టి., ఐసర్ సంస్థలున్నాయి, స్విమ్స్ వంటి పెద్ద ఆసుపత్రి ఉంది. కొత్త బిళ్ళ కనిపెట్టి వ్యాసం ప్రకటించడం ఒక మెట్టు. అది ఎండకు తట్టుకుని, వేయి రక్తాలలో నిజం చెప్పి, నర్సు చేతిలో ఒదిగి, పేదవాడికి అందుబాటు ధరకు రావడం అలిపిరి నుంచి కొండదాకా ఉన్న మెట్లన్ని.

ఇంట్లో ఉన్న యంత్రంతో

ఈలోగా మన అలమరలో ఉన్న చక్కెర యంత్రం విషయంలో కొన్ని జాగ్రత్తలు ఇల్లాళ్ళకు చెప్పడం మంచిది. పట్టీల డబ్బా మూత ఎప్పుడూ బిగించి ఉంచాలి. తేమ, వేడి దానికి శత్రువులు. వంటింటి పొయ్యిగట్టు మీద, ఎండ పడే కిటికీలో పెట్టరాదు. గడువు దాటిన పట్టీ వాడరాదు. మామిడికాయల కాలంలో మన జిల్లాలో అందరి చేతులూ తీపే! పండు ఒలిచిన వేలితోనే పొడిచి చూస్తే, ఒంట్లో లేని చక్కెర యంత్రంలో కనిపిస్తుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకున్న తరువాతనే వేలు పొడవాలి. రక్తహీనత బాగా ఉన్నవారికి చాలా యంత్రాలు ఉన్నదానికన్న ఎక్కువ చూపుతాయి. మన ఆడవారిలో రక్తహీనత తక్కువేమీ కాదు గనుక ఈ మాట గుర్తుంచుకోవాలి. విటమిన్ సి పెద్ద మోతాదుల్లో తీసుకునేవారు, పారాసిటమాల్ వాడుతున్నవారు ఆ సంగతి వైద్యునికి చెప్పాలి. ఎలక్ట్రోడుకు ఎలక్ట్రానునిచ్చే ఏ అణువైనా, కొన్ని పట్టీలలో చక్కెర వేషం వేయగలదు.

ట్రోపోనిన్ సంగతిలో మరొక మాట. గుండె దెబ్బతిన్న వెంటనే అది రక్తంలో కనిపించదు. సాధారణంగా మూడు నాలుగు గంటలైనా పడుతుంది, నిక్కచ్చి పరీక్షలలో కొంత ముందుగా తెలుస్తుంది. అంచేత మొదటి పరీక్షలో ఏమీ లేదంటే భయం లేదని అర్థం కాదు. వైద్యులు ముందుగా ఇ.సి.జి. తీసేదీ, కొన్ని గంటలకు మళ్ళీ రక్తం తీసేదీ అందుకే. ఎంత గొప్ప బిళ్ళ అయినా, ఇంకా బయటికి రాని అణువును చూపలేదు.

మా అక్క ఇంట్లో ఇప్పుడు గోడమీద క్యాలెండరు పక్కన పెద్ద అక్షరాలతో 108 అని రాసి ఉంది. 2005లో మన రాష్ట్రంలో మొదలైన ఆ అంబులెన్సు నెంబరు ఇంట్లో పసిపిల్లలకు కూడా కంఠస్థం. పది నిమిషాలలో జవాబు చెప్పే పట్టీ పల్లెకు వచ్చేరోజు తప్పక వస్తుందని నా నమ్మకం. అది వచ్చేవరకు రొమ్ము బరువెక్కి, చెమటలు పట్టి, ఎడమచేయి లాగుతుంటే సోడాబుడ్డి కోసం కబురు పెట్టకండి. ముందు ఆ నెంబరుకు ఫోను చేయండి. అది గ్యాసే అయితే, ఆసుపత్రిలో నవ్వుకుని ఇంటికి రావచ్చు.